96 గాలి

మా వైపు వాళ్లు హైదరాబాద్‌లో ఎక్కడ తగిలినా నేను ముందు ఊరి పేరు అడుగుతాను, ఆ తర్వాత ఇక్కడికి ఏ సంవత్సరంలో వచ్చారని అడుగుతాను. ముమ్మిడివరం, కాట్రేనికోన, ఐ.పోలవరం చుట్టుపక్కల వాళ్లయితే చాలాసార్లు 97 అనో 98 అనో వినిపిస్తుంది. కూకట్‌పల్లిలో మేం పప్పూ వేపుడూ తెచ్చుకునే కర్రీ పాయింట్ ఆయన 97. మా సందు చివర కొబ్బరి బొండాలు కొట్టే ఆయన 98. మా బాబాయి 97లో, సంక్రాంతి వెళ్లిన వారానికి. ఎందుకొచ్చారని మాత్రం ఎవరినీ అడగను, అడగక్కర్లేదు. "ఆ గాలి తర్వాతేనా?" అంటే "ఆ తర్వాతే" అంటారు, అక్కడితో ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడుకోం.

పేపర్లలో దాన్ని కోనసీమ తుఫాను అని రాస్తారు. 1996 నవంబరు 6, బుధవారం రాత్రి కాకినాడకి దక్షిణంగా తీరం దాటింది. మా ఇంట్లో మాత్రం దాన్ని తుఫాను అనరు, గాలి అంటారు. గాలికి ముందు, గాలి తర్వాత అనే లెక్కలోనే మా అమ్మకి అన్నీ గుర్తుంటాయి. మా చెల్లి వయసెంత అని ఎవరైనా అడిగితే ఇప్పటికీ "గాలికి దానికి మూడో ఏడు" అనే చెబుతుంది.

అప్పుడు నాకు పదకొండేళ్లు. మాది పెంకుటిల్లు, వెనకాల ఎకరంన్నర కొబ్బరి తోట, రోడ్డవతల రెండెకరాల వరి చేను. తోటలో నూట నాలుగు చెట్లుండేవి. ఈ లెక్క మా మామ్మది. ఆవిడకి చదువు రాదు గానీ ఏ చెట్టు ఏ సంవత్సరం పెట్టిందో, ఏది ఎవరు పుట్టినప్పుడు పెట్టిందో అన్నీ నోటికి వచ్చు. నేను పుట్టినప్పుడు పెట్టిన చెట్టు బావి పక్కన ఉండేది, అది అప్పటికే కాపు మీద ఉంది. కొబ్బరి తోట అంటే మా వైపు దానికి వేరే అర్థం ఉంది, అది చెప్పకపోతే ఈ కథంతా అర్థం కాదు. వరి ఏడాదికి రెండుసార్లు డబ్బు చూపిస్తుంది, సార్వాకి ఒకసారి, దాళ్వాకి ఒకసారి. కొబ్బరి అలా కాదు. రెండు నెలలకోసారి దింపు తీయిస్తారు, అంటే చెట్లెక్కించి కాయలు కోయిస్తారు, కాయ లెక్కపెట్టి అంబాజీపేట మార్కెట్‌కి పంపిస్తారు, ఆ డబ్బుతో ఫీజులు కడతారు, కిరాణా కొట్లో పద్దు తీరుస్తారు, పెళ్లి చదివింపులు, ఆసుపత్రి ఖర్చులు అన్నీ దాని మీదే. నెల జీతం లేని ఇళ్లకి అదే జీతం. చెట్టుకి ఒకసారి కాపు వచ్చిందంటే మనవడి కాలం దాకా కాస్తుంది. అందుకే మా ఊళ్లో కొబ్బరి చెట్టుని ఇంటి పెద్దకొడుకు అంటారు.

ఆ వారం దీపావళి వారం. ఆదివారం, 10వ తారీఖున పండగ. మతాబుల గొట్టాలు మేమే చుట్టుకునేవాళ్లం, పాత పరీక్ష పేపర్లకి మైదా జిగురు రాసి. చిచ్చుబుడ్లు కూరి, జువ్వలు కట్టి, అన్నీ పళ్లేల్లో పెట్టి ఎండలో ఎండేసి సాయంత్రం అటక మీదికి ఎక్కించడం, ఇదే పని. బడిలో మాస్టారి మాట ఒక్కటీ చెవికెక్కేది కాదు. వాయుగుండం మాట మాకు రెండు రోజుల ముందు దాకా తెలియదు. తెలిసినా పెద్దగా పట్టించుకునేవాళ్లం కాదేమో, ఎందుకంటే నవంబరులో రేడియో పెడితే ఏదో ఒక వాయుగుండం ఎక్కడో ఒకచోట ఉంటూనే ఉంటుంది, సగం మద్రాసు వైపు పోతాయి, సగం ఒరిస్సా వైపు పోతాయి.

మా నాన్నకి రేవుల్లో ఎగరేసే ప్రమాద సూచికల నంబర్లన్నీ తెలుసు. మూడో నంబరంటే చేపల వాళ్లు జాగ్రత్త పడతారు, పదో నంబరంటే ఇంకేం మిగలదు. పదకొండు కూడా ఉందని చెప్పి నాన్న మమ్మల్ని అడిగేవాడు, పది కంటే పెద్ద ప్రమాదం ఏంట్రా అని. పదకొండు అంటే తుఫాను హెచ్చరికల కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని, ఇక ఎవరికీ ఏమీ తెలియదని. చిన్నప్పుడు నాకు పది కంటే ఆ పదకొండే భయంగా ఉండేది.

మామ్మకి వరదలంటే భయం లేదు. 86 వరదలో భద్రాచలం దగ్గర గోదావరి 75 అడుగులు దాటింది, మా ఊరు కూడా మునిగింది, మామ్మ వాళ్లు గట్టు మీద వారం రోజులున్నారు. అయినా ఆవిడ "నీరు చెప్పి వస్తుంది, గాలి చెప్పదు" అనేది. అది నిజమే. భద్రాచలంలో 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది అని రేడియోలో చెబుతూనే ఉంటారు, అక్కడ పెరిగిన నీరు మా లంకల దాకా రావడానికి టైం పడుతుంది, ఈలోపు గొడ్లు, ధాన్యం, ముసలివాళ్లు అందరూ గట్టెక్కేస్తారు. గాలికి అలాంటి లెక్కల్లేవు.

బుధవారం పొద్దున్నుంచీ సన్నగా జల్లు, ఉత్తరపు గాలి. మధ్యాహ్నానికి బడి వదిలేశారు. ఇంటికొచ్చేసరికి మామ్మ అరుగు మీద కూర్చుని చెవి అటు పెట్టి వింటోంది. మా ఊరికి సముద్రం దగ్గరేం కాదు, మామూలుగా దాని హోరు రాత్రి ఊరు సద్దుమణిగాక గానీ వినపడదు. ఆ రోజు మిట్టమధ్యాహ్నం వినపడుతోంది. "పగలు సముద్రం మాట్లాడకూడదురా" అంది. అని లేచి వెళ్లి పెద్ద గుండిగ పొయ్యి మీద పెట్టించింది. చీకటి పడకముందే వండేయండి, ఎంతమందొస్తారో తెలీదు అని. నిజంగానే అయిదింటికల్లా తాటాకిళ్ల వాళ్లు రావడం మొదలైంది. చంకన పిల్లలు, నెత్తిన ట్రంకు పెట్టె, ఒకావిడ అయితే కోళ్ల గంప నెత్తిన పెట్టుకుని వచ్చింది. నాన్న గొడ్ల పలుపులు విప్పేశాడు. అలా విప్పడం నేను అంతకుముందెప్పుడూ చూడలేదు, ఎటైనా పోతాయి కదా అన్నాను. పోనీరా, కట్టేస్తే చస్తాయి అన్నాడు.

ఆ రాత్రి గురించి ఎన్నిసార్లు చెప్పినా నాకు తృప్తిగా ఉండదు. పెంకులు లేచిపోవడం మొదట సరదాగా ఉంది, పళ్లేలు విసిరినట్టు ఒకటొకటే లేచేవి, తర్వాత వరసలు వరసలుగా లేచాయి. లాంతరు ఆరిపోయింది. మా ఇంటి పక్కనే ధాన్యం కోసం అంతకుముందు ఏడు కట్టిన చిన్న శ్లాబు గది ఉంది, అందులో ముప్పై మంది దాకా దూరాం. కూర్చోవడానికి చోటు లేదు, ధాన్యం బస్తాల మీద పిల్లల్ని ఎక్కించి పెద్దవాళ్లంతా నిలబడ్డారు, తలుపుకి నలుగురు మగవాళ్లు వీపులు ఆనించి. గాలి ఊ అని కూస్తుందని కథల్లో రాస్తారు గానీ అది కూత కాదు, రైలు వంతెన కింద నిలబడితే పైన గూడ్సు బండి పోతున్నట్టు, ఆ బండి ఎంతసేపటికీ అయిపోనట్టు. మధ్యమధ్యలో తోటలోంచి ఫెళ్లున చప్పుడు. ఒక్కో చప్పుడుకీ మామ్మ నోట్లో ఏదో అనుకుంటోంది. దేవుడి పేర్లనుకున్నాను. దగ్గరగా జరిగి వింటే చెట్ల పేర్లు. "అది చింతామణి పెళ్లికి పెట్టింది, అది గొడ్ల పాక పక్కది..." చప్పుడు వచ్చిన వైపుని బట్టి ఏ చెట్టు పోయిందో చెప్పుకుంటోంది.

తొమ్మిది దాటి ఎంతసేపైందో తెలీదు, ఒక్కసారిగా ఆగిపోయింది. తగ్గడం కాదు, ఆగిపోవడం. చెవుల్లో గుయ్యిమని మోత తప్ప ఏమీ లేదు. తలుపు తీశారు. బయట వెచ్చగా ఉంది, ఆకాశంలో ఒకచోట మబ్బు పలచబడి చుక్కలు కూడా కనబడ్డాయి. మగవాళ్లు టార్చిలైట్లు పట్టుకుని గొడ్ల కోసం బయల్దేరబోతుంటే మామ్మ ఎప్పుడూ అరవనంత గట్టిగా అరిచింది. "ఒరేయ్ లోపలికి రండ్రా, ఇంకా అవ్వలేదు, సుడి మధ్యలో ఉన్నాం, వెనక్కి తిరుగుద్ది." ఆవిడకెలా తెలుసో. వాళ్లమ్మ చెప్పిందట. అరగంట లోపే తిరిగింది, ఈసారి దక్షిణం నుంచి. మొదటి గాలికి ఒకవైపు వంగి నిలబడ్డ చెట్లని రెండో గాలి రెండోవైపుకి తిప్పి విరిచేసింది. మామ్మ అరవకపోతే ఆ నలుగురూ తోట మధ్యలో ఉండేవాళ్లు.

చాలా ఏళ్ల తర్వాత ఇక్కడ హైదరాబాద్‌లో ఒక సాయంత్రం ఏదో చదువుతుంటే తెలిసింది, సైక్లోన్ అనే మాటని పుట్టించింది కలకత్తాలో ఉన్న హెన్రీ పిడింగ్టన్ అనే ఆయనని, పాము చుట్ట అనే అర్థం వచ్చే గ్రీకు మాట నుంచి తీసుకున్నాడని. ఆయన బంగాళాఖాతం తుఫానుల గురించి బోలెడు రాశాడు, అందులో 1789లో కోరంగిని ముంచిన తుఫాను కూడా ఉంది. కోరంగి అంటే మాకు గోదావరి దాటితే, యానాం పక్కనే. ఒకప్పుడు పెద్ద రేవు, ఓడలు కట్టిన ఊరు. 1839 నవంబరు ఉప్పెనతో ఆ రేవు మళ్లీ కోలుకోలేదు. అంటే ప్రపంచమంతా వాడే ఆ మాట వెనక మా గోదావరి మొగ కూడా ఉంది. మామ్మ బతికుంటే ఆవిడకి చెప్పేవాణ్ని, పాము చుట్ట మధ్యలో ఖాళీ ఉంటుందని మీ అమ్మకి ముందే తెలుసని.

తెల్లారింది. నేను బయటికొచ్చి మొదట చూసింది విరిగిన చెట్లని కాదు. మా అరుగు మీద నిలబడితే గోదావరి గట్టు కనిపించింది. పుట్టి బుద్ధెరిగాక ఇంటి దగ్గర నుంచి గట్టు కనబడ్డం అదే మొదటిసారి. పక్క ఊరి గుడి గోపురం కనిపించింది. ఆకాశం ఇంత పెద్దదా అనిపించింది. చుట్టూ ఎప్పుడూ కొబ్బరి మట్టల నీడలో పెరిగిన వాళ్లం, మాకు దూరం అనేది తెలీదు. నాన్న ఆ గట్టు వైపే చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. నూట నాలుగు చెట్లలో పదిహేడు మిగిలాయి. కొన్ని వేళ్లతో లేచిపోయాయి, ఎక్కువ మటుకు నడుం దగ్గర విరిగాయి, కొన్నింటికి మొవ్వు ఒక్కటే ఎగిరిపోయి ఉత్త మాను నిలబడింది. మొవ్వు పోయిందంటే చెట్టు పోయినట్టే, దానికి ఇంకో తల రాదు. వరి పాలు పోసుకునే దశలో ఉంది, చాప పరిచినట్టు పడిపోయింది.

మూడో రోజుకి గానీ సముద్రం ఒడ్డు సంగతులు తెలియలేదు. బలుసుతిప్ప, భైరవపాలెం. వేటకి వెళ్లిన వాళ్లు, ఒడ్డున గుడిసెల్లో ఉన్నవాళ్లు. ఆ తుఫానులో పోయినవాళ్లు వెయ్యి మంది పైనే. మా ఊళ్లో ముగ్గురు. చెట్టు పోయిందని మేం ఏడుస్తుంటే మామ్మ కసిరింది, "ఒడ్డున మనుషులు పోయారు, చెట్ల కోసం ఏడవకండి" అని. రాత్రంతా చెట్ల పేర్లు తలుచుకున్న మనిషే ఆ మాట అంది.

బావుల్లో నీరు పాడైపోయింది. తోటనిండా రాలిన కాయలే కాబట్టి బొండాల నీళ్లే తాగాం, ఆ నీళ్లతోనే అన్నం వండుకున్నాం. కొబ్బరి నీళ్లతో వండిన అన్నం తియ్యగా, కొద్దిగా జిగటగా ఉంటుంది. మొదటి పూట పిల్లలం ఇష్టంగా తిన్నాం, అయిదో పూటకి వాంతికొచ్చింది. ఇప్పటికీ ఇక్కడ రెస్టారెంట్లలో కొబ్బరన్నం అని పెడితే నేను ముట్టలేను. పండగ రోజుకి అటక మీద మతాబులు ముద్దయిపోయి ఉన్నాయి. కిరసనాయిలు దొరకడం లేదు. అయినా మామ్మ ఒప్పుకోలేదు, ఉన్న కాస్త నూనెలో చిన్న గుడ్డపేలిక తడిపి గోగుకర్రకి కట్టి ఒక్కొక్కరి చేతికీ ఇచ్చి, ఆరిపోయేలోపు తిప్పేయండి అంది. దిబ్బు దిబ్బు దీపావళి, మళ్లీ వచ్చే నాగుల చవితి అని మేం అరుస్తూ తిప్పాం, ఊళ్లో ఇంకెక్కడా దీపం లేదు, ఆ నాలుగు గోగుకర్రల మంటే. నాలుగు రోజులకి చవితి వస్తే పుట్ట ఉన్నచోట పుట్ట లేదు, కరిగిపోయి చదునైపోయింది. మామ్మ గుర్తుపట్టి అక్కడే పాలు పోసింది.

ఇదంతా అయ్యాక అసలు కష్టం మొదలైంది. దాని గురించి ఎవరూ రాయలేదు. పడ్డ మానులు కొనేవాడు లేడు, ఊరంతా మానులే, కాలవల నిండా మానులే. అవి కుళ్లడం మొదలయ్యాక కొమ్ము పురుగు పుట్టింది. కొమ్ము పురుగు కుళ్లిన కొబ్బరి మానుల్లో గుడ్లు పెడుతుంది, పెద్దదై ఎగిరి బతికున్న చెట్ల మొవ్వు తొలుస్తుంది. అంటే గాలి వదిలేసిన చెట్లని పడ్డ చెట్లే చంపడం మొదలుపెట్టాయి. అది చేసిన కన్నాల్లోంచి ఎర్రముక్కు పురుగు దూరుతుంది, అది దూరితే ఇక పైకి చూసేదేం లేదు. మా పదిహేను చెట్లలో... పదిహేను కాదు, పదిహేడు అన్నాను కదా, రెండేళ్లలో పదకొండు మిగిలాయి. కొత్త మొక్కలు పెట్టాం. దేశవాళీ కొబ్బరి మొక్క కాపుకి రావాలంటే ఆరేడేళ్లు. ఆరేడేళ్లు దింపు లేదు. రెండు నెలలకోసారి వచ్చే ఆ జీతం లేదు. ప్రాణనష్టం ఇంత, ఆస్తినష్టం ఇంత అని లెక్కలు వేశారు, ఆ ఏడేళ్ల ఖాళీ ఏ లెక్కలోనూ లేదు. ఆ ఖాళీలోంచే మా ఊరు హైదరాబాద్ బస్సెక్కింది.

బాబాయి ముందొచ్చాడు. దింపు మేస్త్రీగా చేసినవాడు, కాయ చూసి అందులో కొబ్బరెంతో చెప్పేవాడు, ఇక్కడికొచ్చి సెంట్రింగ్ పనికెళ్లాడు, తర్వాత టిఫిన్ సెంటర్లో, తర్వాత సొంతంగా బండి. అతని వెనక అతని బావమరిది, పక్కింటి ఇద్దరన్నదమ్ములు, ఆ రాత్రి మా శ్లాబు గదిలో నిలబడ్డవాళ్లలో ముగ్గురు. కూకట్‌పల్లిలో ఒక్క గదిలో తొమ్మిదిమంది ఉండేవాళ్లట. 2000 ఆగస్టులో హైదరాబాద్‌లో పెద్ద వాన పడింది, బేగంపేటలో ఒక్క రోజులో 24 సెంటీమీటర్లు. ఆ రోజు వాళ్ల గదిలోకి నీళ్లొస్తే బాబాయి మంచమెక్కి కూర్చుని "ఇక్కడిక్కూడా వచ్చావా" అన్నాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. నేను 2005లో వచ్చాను, డిగ్రీ అయ్యాక, అమీర్‌పేటలో కోర్సు నేర్చుకోవడానికి. నా ఫీజు బావి దగ్గర నా చెట్టుతో సహా బతికిన ఆ పదకొండు చెట్ల దింపు నుంచీ, అప్పుడప్పుడే కాపుకొస్తున్న కొత్త తోట నుంచీ వచ్చింది.

మా అపార్ట్‌మెంట్ గ్రౌండ్ ఫ్లోర్‌లో ఒక రిటైర్డ్ మాస్టారు ఉండేవారు, దివిసీమ ఆయన, నాగాయలంక వైపు. మొదటిసారి మాటల్లో నేను 96 అన్నప్పుడు ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "మాది 77 అబ్బాయ్" అన్నారు. 1977 నవంబరు 19. మామ్మ మాట చెప్పాను, నీరు చెప్పి వస్తుందనేది అని. ఆయన తల అడ్డంగా ఊపారు. "గోదారి నీరు చెప్పి వస్తుందేమో. సముద్రం నీరు చెప్పదు." ఆ సాయంత్రం ఉప్పెన అయిదారు మీటర్ల ఎత్తున వచ్చింది. సొర్లగొంది లాంటి ఊళ్లు ఊళ్లే పోయాయి, ప్రభుత్వం లెక్కలోనే దాదాపు పదివేల మంది. మదర్ థెరిసా కూడా వచ్చి చూసి వెళ్లారు. మాస్టారికి అప్పుడు పంతొమ్మిదేళ్లు, రాత్రంతా తుమ్మచెట్టుని కౌగిలించుకుని ఉన్నారు. "ఆ ముళ్లు గుచ్చుకున్న నొప్పి నాకు మూడో రోజు గానీ తెలియలేదు" అన్నారు. ఇంట్లో ఎవరెవరు పోయారో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. మా వైపు ఊళ్లలో ఉన్న తుఫాను షెల్టర్లు చాలావరకు ఆ 77 తర్వాత కట్టినవే. అంటే మా వైపు వాళ్లు 96లో తలదాచుకున్న ఆ షెల్టర్ల గోడల వెనక వాళ్ల ఊళ్లున్నాయి. ఆ సంగతి నాకు ఆయన పక్కన కూర్చున్నప్పుడే తట్టింది.

ఒక ఆదివారం ఆయనే నన్ను ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు దగ్గరికి తీసుకెళ్లారు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు ఆ చెట్టెక్కి నూట యాభై మంది దాకా బతికారు. ఆ వరదలో వేలమంది పోయారు, ఆ తర్వాతే గండిపేట, హిమాయత్ సాగర్ కట్టారు. మాస్టారు ఆ మానుని చేత్తో తడిమి, "మనలాంటి వాళ్లు ఇక్కడా ఉన్నారు చూశావా" అన్నారు. నేను పైకి చూస్తూ ఒకటే అనుకున్నాను, దీనికి కొమ్మలున్నాయి. మా కొబ్బరికి పట్టుకోవడానికి ఒక్క కొమ్మ ఉండదు.

మా వాచ్‌మన్ భార్యది పాలమూరు. ఒకరోజు మా మాటలన్నీ మెట్ల మీద కూర్చుని వింది. విని "మీరు వాన ఎక్కువై ఊరిడిసిన్రు, మేం వాన లేక ఇడిసినం" అంది. వాళ్ల నాన్న తరం నుంచే వలసపోవడం, ఎక్కడ పెద్ద కట్టడం లేస్తే అక్కడ పాలమూరు కూలీలు ఉండటం నాకూ తెలుసు. కానీ అప్పటిదాకా ఈ ఊరికి మమ్మల్ని మాత్రమే ఏదో తోలుకొచ్చిందని అనుకునేవాణ్ని. ఆ ఒక్క మాటతో ఆవిడ మా పక్కన కూర్చుంది.

2020 అక్టోబరు 13 పొద్దున అమ్మ ఫోన్ చేసింది. తీవ్ర వాయుగుండం తెల్లారాక కాకినాడ దగ్గర తీరం దాటింది. "ఇక్కడ దాటిపోయిందిరా, వాన తప్ప గాలి లేదు, ఇక మీ వైపే వస్తోందట, బయటికెళ్లకు" అంది. అమ్మ నాకు తుఫాను జాగ్రత్తలు చెబుతోంది, నేను హైదరాబాద్‌లో ఉండగా! సరే సరే అన్నాను. సాయంత్రానికి మొదలైంది. రాత్రికి సెల్లార్‌లో కార్లు తేలాయి. ఘట్‌కేసర్ వైపు ఒకచోట 32 సెంటీమీటర్లు పడింది. పాతబస్తీలో అల్ జుబైల్ కాలనీ వైపు రోజుల తరబడి ఇళ్లలో నీళ్లే. కరెంటు పోయాక మా ఫ్లోర్‌లో వాళ్లంతా మెట్ల దగ్గర చేరాం. మాస్టారిని కింద ఫ్లాట్‌లోంచి మేం పైకి తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టాం. ఆయన గంటకోసారి "గాలి ఎటు నుంచి?" అని అడుగుతున్నారు. గాలి లేదు మాస్టారూ, వానే అని చెబుతున్నాను. వాచ్‌మన్ కుటుంబం బియ్యం డబ్బాతో సహా మా ఇంట్లోకి వచ్చింది. నేను చీకటి పడకముందే ఎందుకో పెద్ద కుక్కర్ పెట్టించాను, మామ్మ గుర్తొచ్చి. ఆ రాత్రి పద్నాలుగు మంది తిన్నారు. పొద్దున నా ఊరిని దాటిన మబ్బే రాత్రికి నా ఇంటి మీద నిలబడిందని మా ఆవిడకి చెప్పాలనుకున్నాను, చెప్పడం రాలేదు.

మాస్టారు ఆ మరుసటి ఏడు పోయారు. మామ్మ అంతకు చాలా ముందే.

మా తోటలో ఒక చెట్టు ఉంది, దాని సంగతి చెప్పాలి. 96లో సగం వేళ్లు లేచి దాదాపు నేలకి ఒరిగిపోయింది. నాన్న నరికేద్దామని కత్తి పట్టుకెళితే మామ్మ అడ్డం పడింది, మొవ్వు పచ్చగా ఉంది కదరా అని. అది నేల మీద అలా కొంత దూరం పాకి, అక్కడ నుంచి మెడ ఎత్తి నిటారుగా లేచింది. వంకర చెట్టు అంటాం. మా పిల్లలు సెలవులకెళితే దాని మీద గుర్రం ఎక్కినట్టు కూర్చుంటారు. కాయ చిన్నదిగా కాస్తుంది, టెంక మందం, లోపల కొబ్బరి మాత్రం చాలా తీపి. అమ్మ ట్రావెల్స్ బస్సులో సంచి వేసి పంపినప్పుడల్లా ఆ చెట్టు కాయలు నాలుగు విడిగా కట్టి పంపుతుంది.

మొన్న 2025 అక్టోబరు 28న మొంథా తుఫాను వచ్చింది. నరసాపురం దగ్గర దాటుతుందన్నారు, అంటే మాకు పక్కనే. మధ్యాహ్నమే అమ్మానాన్నలని బడి బిల్డింగ్‌లోకి మార్చారు. రాత్రి పదింటి దాకా ఫోన్ కలుస్తూనే ఉంది, తర్వాత కలవడం మానేసింది. నేను హాల్లో టీవీ ముందు కూర్చుని ఆ పదకొండో నంబరు గురించే ఆలోచిస్తున్నాను, నలభై ఏళ్లు వచ్చినా ఆ భయం అలాగే ఉంది. టీవీలో మ్యాప్ మీద ఆ సుడి అర్ధరాత్రి వేళ గట్టెక్కడం చూశాను. మా అబ్బాయి లేచొచ్చి నా పక్కన కూర్చున్నాడు. మధ్యలో గాలి ఆగితే తాతయ్యని బయటికి రావద్దని చెప్పావా నాన్నా అని అడిగాడు. వాడికి ఈ కథ ఎప్పుడు చెప్పానో నాకు గుర్తు లేదు.

పొద్దున ఆరున్నరకి నాన్న ఫోన్ చేశాడు. మనుషులంతా బాగున్నారు, వంటగది మీద రేకు లేచింది, వరి పడింది. అమ్మ ఫోన్ తీసుకుని హైదరాబాద్‌లో వాన ఎలా ఉందని అడిగింది. చెప్పాను. ఇద్దరం కాసేపు ఊరుకున్నాం. నేను అడిగేలోపే అంది,

"ఉందిరా. రెండు మట్టలు పడ్డాయి, అంతే."